మారని పేజీ

"పేరు నీదేనా, కాదా? గదొక్కటి చెప్పు, చాలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ రామన్న.

భానుశ్రీ తలెత్తలేదు. కంపెనీ మీటింగు గదిలో బల్ల మీద ఆయన పరిచిన కాగితంలో మొదటి వరుసే ఆమె పేరు. దాని కింద రెండు పేజీల పొడుగున ప్రోగ్రాం.

"నాదేనండి."

"ఇగ అయిపాయె. లేవమ్మా, పోదాం."

"లేవకమ్మా, కూర్చో," అంది గుమ్మంలోంచి ఇంకో గొంతు.

ఆ గొంతు ఎవరిదో రామన్నకు తిరిగి చూడకుండానే తెలిసింది. చేదు మాత్ర మింగినట్టు మొహం పెట్టాడు. పుణ్యవతి లోపలికొచ్చి, ఎవరూ చూపించకముందే ఒక కుర్చీ లాక్కుని భానుశ్రీ పక్కన కూర్చుంది. పదిహేనేళ్ళు పోలీసు శాఖలో సబ్-ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మనిషి. ఒక పెద్దాయన బావమరిది పేరు చార్జిషీటులోంచి తీసెయ్యమంటే, నా ఉద్యోగమే తీసేసుకోండని కాగితం మొహాన కొట్టి వచ్చేసింది. ఇప్పుడు అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ల మధ్య ఒక మేడగది, తలుపు మీద డిటెక్టివ్ ఏజెన్సీ అన్న బోర్డు, లోపల ఆమె కోపం. ఉన్న ఆస్తి అంతే.

"ఏంది మేడం, గిట్ల నడిమిట్ల జొరబడితే ఎట్ల?" అన్నాడు రామన్న. "మీరు డిపార్ట్‌మెంటు ఇడిచిపెట్టి ఆరేండ్లాయె."

"డిపార్ట్‌మెంటు వదిలానండి, కళ్ళు వదల్లేదు."

"కంప్లైంట్ ఇచ్చింది పిల్ల తండ్రి కొమురయ్య. గా ప్రోగ్రాం రాసినోళ్ళు దొరికిన్రు. మీకు ఈడ ఏం పని?"

"ఆ కొమురయ్యే నా దగ్గరికొచ్చాడండి. మీరు తీసుకెళ్ళబోయేది తన పాపని చంపినవాళ్ళనేనా అని తెలుసుకోవాలట. మీరు చెప్పరట, నన్ను అడిగి చెప్పమన్నాడు."

సంగతి చిన్నదే, మొదటిరోజు ఒక పేపరులో లోపలి పేజీలో నాలుగు వాక్యాల్లో వచ్చేంత చిన్నది. తాపీమేస్త్రీ కొమురయ్య కూతురు శ్రీలత. ఏడాది నిండిన పిల్ల. జ్వరం ముదిరి ఫిట్స్ వస్తే అమృతవల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. నర్సు పాపని తూచి, ఎనిమిదిన్నర కిలోలని కంప్యూటర్లో కొట్టింది. ఎంత ఇంజక్షన్ ఇవ్వాలో తెర మీద వచ్చింది. తెర మీద వచ్చినదే ఇవ్వాలి, చేత్తో మార్చడానికి వీల్లేదని ఆ ఆసుపత్రిలో కొత్తగా పెట్టిన రూలు. నర్సు ఇచ్చింది. ఆ మందు ఎనభై అయిదు కిలోల మనిషికి సరిపోయేది. పాప ఊపిరి ఆగిపోయింది.

ఆసుపత్రి నర్సును సస్పెండ్ చేసి చేతులు కడుక్కుంది. ప్రోగ్రాం రాసిచ్చిన మేఘన సాఫ్ట్‌వేర్స్ కంపెనీ భానుశ్రీని చూపించి చేతులు కడుక్కుంది. మాదాపూర్‌లో అద్దాల మేడ, గది గదికీ ఏసీ, నెత్తిన ఎక్కించుకున్న గొప్ప. ఇంత పెద్ద కంపెనీలో తప్పు మొయ్యడానికి దొరికింది ఇరవై మూడేళ్ళ పిల్ల ఒక్కతేనా అన్నది పుణ్యవతిని మెట్లెక్కుతున్నప్పటినుంచీ మండిస్తున్న ప్రశ్న.

కిటికీ దగ్గర నిలబడిన యువకుడు ముందుకొచ్చాడు. మెడలో టై, చేతిలో సెల్‌ఫోను. భానుశ్రీ పని చేసే జట్టుకు ప్రాజెక్ట్ లీడర్, పేరు లోహిత్.

"మేడమ్, కంపెనీ తరఫున మేం ఫుల్‌గా కోఆపరేట్ చేస్తున్నామండి. న్యూస్ తెలియగానే ఆ రాత్రే నేనే కూర్చుని బగ్ ఫిక్స్ చేశాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. వెంటనే ఆసుపత్రికి పంపించేశాను. ఆవిడ పొరపాటు ఆవిడది, దిద్దాల్సిన బాధ్యత మాది."

"పది నిమిషాలు," అంది పుణ్యవతి. "బాగా తెలిసిన ఇంట్లో స్విచ్చి వెతికినట్టు."

ఆయనకది మెప్పులా వినిపించింది కాబోలు, టై సర్దుకున్నాడు.

పుణ్యవతి సంచీలోంచి రెండు చీటీలు తీసి బల్ల మీద పెట్టింది. రెండూ అమృతవల్లి ఆసుపత్రివే, ఒకే పాపవి, ఒకే రోజువి. ఒకటి ఇంజక్షన్ చీటీ, దాని మీద బరువు ఎనభై అయిదు. రెండోది పాపకి ఏం తినిపించాలో చెప్పే చీటీ. తినిపించే చీటీ మీద బరువు ఎనిమిదిన్నర అనే ఉంది.

"చూడండి రామన్నగారూ. అదే నర్సు అదే బరువు రెండుచోట్లా కొట్టింది. తిండి లెక్కలో ఎనిమిదిన్నర ఎనిమిదిన్నరగానే ఉంది. ఇంజక్షన్ లెక్కలో ఎనభై అయిదు అయింది. ఈ రెండు చోట్లా బరువు తీసుకునే ముక్క ఒక్కటేనని, అది ఈ అమ్మాయి రాసిందేనని ఈ బాబుగారే మీకు స్టేట్‌మెంట్ ఇచ్చారు. ఒకే కాటా ఒకచోట సరిగ్గా తూచి, ఇంకోచోట పదింతలు తూచుతుందా?"

రామన్న చీటీలు తిప్పి చూశాడు. ఆ రెండు అంకెలూ ఆయనకు నచ్చలేదు.

"పైనుంచి ఫోన్లమీద ఫోన్లొస్తున్నయి మేడం. పేపరోళ్ళు పానం దీస్తున్రు. నాలుగింటి దాంక ఆగుత. ఆ ఎన్క నేను ఎవ్వరి మాట ఇన. లేడీ కానిస్టేబుల్ కింద జీపుల కూసున్నది."

"నాలుగు చాలండి. ఈలోపు మీరిద్దరూ కాస్త బయట ఉంటారా?"

తలుపు మూసుకున్నాక కూడా భానుశ్రీ బల్లనే చూస్తోంది. ఈ నాలుగు రోజుల్లో ఎవరూ ఆమెను ఏం జరిగిందని అడగలేదు. ఒప్పుకుంటావా లేదా అనే అడిగారు.

"మీ అమ్మానాన్నలకి తెలుసా?" అడిగింది పుణ్యవతి.

"చెప్పలేదండి. తెనాలిలో ఉంటారు. పేపర్లో పేరు వెయ్యలేదు కాబట్టి ఇంకా తెలీదు. సాయంత్రానికి తెలుస్తుందేమో."

"సాయంత్రం సంగతి సాయంత్రం చూద్దాం. ఆ తప్పు నువ్వు చేశావా?"

"చేశానండి."

పుణ్యవతి ఈ జవాబు అనుకోలేదు. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"కొందరు బరువు పెట్టెలో కేజీ అని అక్షరాలు కూడా కొడతారండి. అప్పుడు లెక్క ఆగిపోయేది. అందుకని అంకెలు కానివన్నీ తీసేసేలా రాశాను. దాంతో చుక్క కూడా పోయేది. ఎనిమిది చుక్క అయిదు కొడితే చుక్క పోయి ఎనభై అయిదు అయ్యేది. మొదట రాసినప్పుడు నాకు తట్టలేదు. కానీ ఏప్రిల్లోనే నేనే పట్టుకున్నానండి. అప్పటికి ఒక్క ఆసుపత్రిలో కూడా పెట్టలేదు. ఆ రోజే దిద్దేశాను."

"దిద్దితే మరి ఇదేమిటి?"

"అదే నాకూ తెలీట్లేదండి. ఉమ్మడి ఫైల్లో దిద్దితే అన్ని పేజీల్లోనూ దిద్దుకుపోవాలి. అలా ఉండాలనే కదండీ నేను అలా కట్టింది."

"ఆగమ్మా. నా బుర్రకెక్కేలా చెప్పు. ఉమ్మడి ఫైలంటే?"

మొదటిసారి ఆ అమ్మాయి తలెత్తింది. పని గురించి అడగ్గానే గొంతులో బెరుకు పోయింది.

"ఆసుపత్రి ప్రోగ్రాంలో వందల పేజీలుంటాయండి. అడ్మిషన్, బిల్లు, తిండి, ఇంజక్షన్లు. చాలా పేజీల్లో బరువు అడగాలి, తేదీ అడగాలి, పైన ఆసుపత్రి పేరు రావాలి. ప్రతి పేజీలోనూ అవన్నీ మళ్ళీ మళ్ళీ రాస్తే, ఒకచోట తప్పొస్తే వందచోట్ల దిద్దాలి. అందుకని ఒక్కో పనికి ఒక్కో ముక్క విడిగా రాసి, ఉమ్మడి ఫోల్డర్లో పెడతాం. కాంపొనెంట్ అంటామండి. బరువు పెట్టె బరువు మాత్రమే చూసుకుంటుంది, అది ఏ పేజీలో ఉందో దానికి తెలియక్కర్లేదు. పేజీలో మాత్రం ఒక్క వరుస రాస్తాం, ఫలానా ముక్కని ఇక్కడికి తెచ్చి పెట్టు అని. పేజీ తెరిచిన ప్రతిసారీ అది ఉమ్మడి ఫోల్డర్లోంచి వస్తుంది."

"పంపు తిప్పినప్పుడల్లా మేడమీద ట్యాంకులోంచి నీళ్ళొచ్చినట్టు."

"అంతేనండి. ట్యాంకు ఒక్కటి కడిగితే అన్ని పంపుల్లోనూ మంచి నీళ్ళే."

"నువ్వు ట్యాంకు కడిగావు. కడిగానని ఎవరికైనా చెప్పావా?"

"సోమవారం మీటింగులో అందరి ముందూ లేచి చెప్పానండి. బరువు పెట్టెలో ఇలా చుక్క పోతోంది, దిద్దాను, మీరెవరూ ఏమీ చెయ్యక్కర్లేదు అని." ఆఖరి మాట దగ్గర ఆగి, మళ్ళీ అదే అంది. "మీరెవరూ ఏమీ చెయ్యక్కర్లేదు అన్నానండి."

పుణ్యవతి రామన్న వదిలి వెళ్ళిన కాగితం ఆమె ముందుకు తోసింది. "ఇది సరిగ్గా చదువు. నీ పేరు దగ్గర ఆగిపోకు. కింద చదువు."

భానుశ్రీ చదివింది. సగంలో ఆగి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఇది నా పాతదండి. ఏప్రిల్లో దిద్దకముందుది. ఇది ఇప్పుడు ఎక్కడా ఉండకూడదు."

"ఎక్కడా ఉండకూడనిది ఆ ఇన్‌స్పెక్టరు చేతికెలా వచ్చింది?"

ఈ ఊళ్ళో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చినప్పుడు జనం డ్రమ్ముల్లో, బిందెల్లో పట్టి దాచుకుంటారు. ఆ తరవాత ట్యాంకును ఎంత తోమినా, ఇంట్లో డ్రమ్ములో నిలవున్న నీళ్ళు నిలవ నీళ్ళే. పుణ్యవతి ఆ మాటే పైకి అంది. "ఎవరో ఇది డ్రమ్ములో పట్టుకున్నారమ్మా. నువ్వు కడగకముందు."

"కాపీ చేసి పేజీలో అతికించారంటారా?" అంది భానుశ్రీ. "పైన నా పేరుతో సహా?"

"పద. ఆ పేజీ ఉన్న కంప్యూటరు చూపించు."

పని జరిగే హాల్లో యాభై అరవై మంది ఉన్నారు. వీళ్ళు రాగానే కీబోర్డుల చప్పుడు తగ్గిపోయింది. నాలుగు రోజులుగా భానుశ్రీతో మాట్లాడనివాళ్ళంతా ఇప్పుడు తలలు తిప్పి చూస్తున్నారు. వీళ్ళందరికీ భానుశ్రీ పని తెలుసు, ఆమె మీటింగులో ఏం చెప్పిందో తెలుసు. ఒక్కడూ, ఒక్కతీ పోలీసుల దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పలేదు. పుణ్యవతి వాళ్ళందరి వైపూ ఒకసారి చూసింది. చాలామందికి అత్యవసరంగా తెర మీద ఏదో పని గుర్తొచ్చింది.

గోడకి ఒక తెల్ల బోర్డు ఉంది. దాని మీద జట్టులో వాళ్ళ పేర్లు, ఎదురుగా అంకెలు. అన్నిటికంటే పైన లోహిత్. అట్టడుగున భానుశ్రీ, ఆమె పేరు పక్కన ఎవరో ఏడుపు మొహం బొమ్మ గీశారు.

"ఈ అంకెలేమిటి?" అడిగింది పుణ్యవతి.

లోహిత్ వాళ్ళ వెనకే వచ్చి నిలబడ్డాడు. "అది మా ప్రొడక్టివిటీ బోర్డండి. ఎవరు ఎన్ని లైన్ల కోడ్ రాశారో ప్రతి వారం వేస్తాం. క్లయింట్‌కి కూడా అదే రిపోర్ట్ వెళ్తుంది."

"అంటే ఒక ముక్క ఒక్కసారి రాసి వందచోట్ల వాడుకుంటే ఆ బోర్డు మీద ఒక్కసారే లెక్క. అదే ముక్కని వందచోట్ల అతికిస్తే వందసార్లు లెక్క. అంతేనా?"

"టెక్నికల్‌గా అలా చెప్పలేమండి."

"మామూలుగా చెప్పండి మరి."

పుణ్యవతికి ఒళ్ళు మండింది. శుభ్రంగా పని చేసిన పిల్ల అట్టడుగున, దాని పక్కన ఏడుపు మొహం. పరాయి కష్టాన్ని అతికించి అతికించి పెంచినవాడు పైన, లీడరు. ఇది ఏ తెలివిమంతుడు కనిపెట్టిన కొలతో గాని, వాడికి పప్పులో నీళ్ళు పోసేవాడే గొప్ప వంటవాడు కావాలి.

"రామన్నగారూ, మీరు కూడా రండి. మీరు చూడాలి." అని భానుశ్రీ వైపు తిరిగింది. "ఉమ్మడి ఫోల్డర్లో నీ బరువు పెట్టె తెరువు. లెక్క జోలికి పోవద్దు. ఆ పెట్టె చుట్టూ ఒక ఎర్ర గీత పెట్టు. అంతే."

భానుశ్రీ రెండు మాటలు టైపు చేసింది. సేవ్ చేసింది.

"ఇప్పుడు పేజీలు ఒక్కొక్కటీ తెరువు."

అడ్మిషన్ పేజీ తెరిచింది. బరువు పెట్టె చుట్టూ ఎర్ర గీత. బిల్లు పేజీ, ఎర్ర గీత. తిండి పేజీ, ఎర్ర గీత. రామన్న బల్ల మీదికి వంగాడు. ఈ మాయ ఆయనకి నచ్చుతున్నట్టే ఉంది. "ఒక్కకాడ పెడితే అన్నికాడ్ల వస్తున్నదే," అన్నాడు.

"ఇంజక్షన్ల పేజీ తెరువమ్మా."

ఇంజక్షన్ల పేజీ వచ్చింది. బరువు పెట్టె ఉంది. చుట్టూ ఎప్పటిలాగే నల్ల గీత. భానుశ్రీ మళ్ళీ నొక్కింది, ఇంకోసారి నొక్కింది. నల్ల గీత నల్లగానే ఉంది.

"బ్రౌజర్ ఒక్కోసారి పాత పేజీ దాచుకుని అదే చూపిస్తుందండి," అన్నాడు లోహిత్ తేలిగ్గా. "దాన్నిబట్టి కంక్లూజన్‌కి రాకూడదు."

"మంచి మాట చెప్పారు. అయితే ఈ పేజీ ఎప్పుడూ తెరవని కంప్యూటరు మీద చూద్దాం. రామన్నగారూ, ఈ హాల్లో ఏది కావాలో మీరే ఎంచండి."

రామన్న హాలంతా కలయజూసి, మూల కూర్చున్న అకౌంట్స్ అమ్మాయి యంత్రం చూపించాడు. ఆమె భయపడుతూ లేచింది. అక్కడా అంతే జరిగింది. మూడు పేజీలు మారాయి. ఇంజక్షన్ల పేజీ మారలేదు.

"ఏందయ్యా ఇది?" అన్నాడు రామన్న. ఈసారి ఆయన అడిగింది లోహిత్‌ని.

"ఓకే. ఎవరో కాపీ చేసుంటారండి. టీమ్‌లో పది మంది ఆ పేజీ మీద పని చేశారు. ఎవరని చెప్పగలం? కానీ ఒరిజినల్ ఆవిడదే కదా, బగ్ ఆవిడదే కదా. పేరు కూడా ఆవిడదే."

పుణ్యవతి తొందరపడలేదు. కోపం వచ్చినప్పుడే ఆమె గొంతు మెత్తబడుతుంది. పోలీసు శాఖలో ఉన్నప్పుడు ఆ మెత్తని గొంతు వింటే దొంగలు కుర్చీ అంచుకు జరిగేవారు.

"భానుశ్రీ, ఏ పేజీలోనైనా బరువు తప్పు పడుతోందని ఎవరైనా ఫోను చేస్తే, నువ్వు ముందు ఏ ఫైలు తెరుస్తావు?"

"ఉమ్మడి ఫోల్డర్లోదేనండి. బరువు పెట్టె ఉండేది అక్కడే."

"ఇక్కడున్నవాళ్ళలో ఎవరిని అడిగినా?"

"అదే చెప్తారండి."

"లోహిత్‌గారూ, పాప పోయిన రాత్రి మీరు పది నిమిషాల్లో దిద్దేశానన్నారు. ఏ ఫైలు దిద్దారు?"

"ఇంకేముందండీ, కామన్ ఫైలే."

"రామన్నగారూ, ఆ తెర మీద ఫైలు పేరు పక్కన అది ఆఖరుసారి ఎప్పుడు మారిందో తేదీ ఉంటుందట. ఇప్పుడు ఎర్ర గీత పెట్టాం కాబట్టి దీనిది ఈరోజే చూపిస్తుంది. కానీ రోజూ సాయంత్రం అన్నిటినీ టేపు మీదికి ఎక్కిస్తారట, నిన్నటి టేపులో చూడమనండి."

టేపు తెచ్చి చూడడానికి కాస్త సమయం పట్టింది. సిస్టమ్స్ చూసే కుర్రాడు పైకి చదివాడు. ఉమ్మడి ఫైలు ఏప్రిల్ తరవాత నిన్నటివరకూ ఎవరూ ముట్టుకోలేదు. ఇంజక్షన్ల పేజీ మాత్రం పాప చనిపోయిన రాత్రే మారింది.

లోహిత్ సెల్‌ఫోను జేబులో పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "సారీ, నాకు గుర్తులేదు. కరెక్టే, ముందు కామన్ ఫైలు తెరిచి చూశాను. అందులో కరెక్ట్‌గానే ఉంది. అప్పుడు పేజీలో చూశాను. అక్కడ దొరికింది."

"అలాగేనా. అయితే ఆ రాత్రే మీకు తెలిసిపోయిందన్నమాట. భానుశ్రీ ఫైల్లో తప్పు లేదని, ఎవరో అతికించిన పాత కాపీలో ఉందని." పుణ్యవతి ఆ రెండు పేజీల కాగితం ఎత్తి పట్టుకుంది. "మరి దిద్దడానికి ముందు ఆ పాత కాపీనే ఆవిడ పేరుతో సహా ప్రింటు తీసి, ఇదిగో దోషి అని ఇన్‌స్పెక్టరుగారి చేతిలో ఎలా పెట్టారు? కామన్ ఫైలు చూడలేదంటారా, పేజీలో కాపీ ఉందని మీకు ముందే తెలుసు కాబట్టి సరాసరి అక్కడికే వెళ్ళారు. చూశానంటారా, ఏమీ ఎరగని పిల్లని తెలిసి తెలిసి జైలుకి పంపుతున్నారు. ఈ రెంటిలో ఏది కావాలో మీరే చెప్పండి. నాకు ఏదైనా పర్లేదు."

"గీ కాగితం నువ్వే ఇచ్చినవ్ గదరా నాకు," అన్నాడు రామన్న. ఇందాకటి మర్యాద ఆ గొంతులో లేదు. తనను వెర్రివాణ్ణి చేశారన్న మంట ఆయనకిప్పుడే తగులుకుంది. "సారు సారని చాయ్ తాపిచ్చి మరి ఇచ్చినవ్."

"అందరూ చేస్తారండీ," అన్నాడు లోహిత్. టై ఒక పక్కకి పోయింది. "ఈ హాల్లో కాపీ పేస్ట్ చెయ్యనివాళ్ళు ఎవరో చూపించండి. బోర్డ్ మీద నంబర్ పడకపోతే మేనేజ్‌మెంట్ ఊరుకోదు. ఆవిడలా కూర్చుని నీట్‌గా కాంపొనెంట్లు కట్టుకుంటే మేం డెడ్‌లైన్లు ఎప్పుడు మీట్ అవుతామండి? నేను కావాలని ఎవర్నీ చంపలేదు."

"కావాలని చంపలేదు. ఏప్రిల్లో మీటింగులో ఈ అమ్మాయి లేచి, చుక్క పోతోందని చెప్పినప్పుడు మీరక్కడే ఉన్నారా?"

"ఉన్నారండి," అన్నాడు హాల్లో ఎవరో, తలెత్తకుండానే. నాలుగు రోజుల తరవాత వచ్చిన మొదటి సాక్ష్యం అది. దాని వెనకే ఇంకో రెండు గొంతులు ఉన్నారండి అన్నాయి.

"అప్పుడే మీ కాపీ దిద్దుంటే అయిపోయేది. పది నిమిషాలు కూడా పట్టదని మీరే అన్నారు. కానీ దిద్దాలంటే కాపీ చేశానని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే ఆ బోర్డు మీద పై వరుస పోతుంది. మూడు నెలలు నోరు మూసుకున్నారు. ఆ నిలవ నీళ్ళు పాపకి తాగించారు."

తలుపు దగ్గర చెప్పులు లేని కాళ్ళతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కింద రిసెప్షన్లో కూర్చోమన్న కొమురయ్య పైకెప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. ఇక్కడ మాట్లాడిన ఇంగ్లీషు ఆయనకి అర్థం కాలేదు. అర్థం కావలసింది అయింది. నెమ్మదిగా నడిచొచ్చి లోహిత్ ముందు ఆగాడు.

"సారూ, అది చెడిపోయిందని నీకు ముందుగాల్నే ఎర్కనా?"

లోహిత్ కిందికి చూశాడు.

"కోపం జెయ్య. నిజం జెప్పు. ఎర్కనేనా?"

"తెలుసు," అన్నాడు లోహిత్. ఎవరికీ సరిగ్గా వినపడనంత నెమ్మదిగా అన్నాడు, కానీ ఆ ఒక్క మనిషికి వినిపించింది.

కొమురయ్య కొట్టలేదు, తిట్టలేదు. పుణ్యవతికి ఆయన కొడితే బాగుండుననిపించింది. ఆయన భుజం మీద తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకుని, అక్కడే నేల మీద కూలబడ్డాడు. భానుశ్రీ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. ఏం చెప్పాలో ఆమెకి తెలియలేదు. "మొదట తప్పు రాసింది నేనేనండి," అని మాత్రం అంది.

"నువ్వు దిద్దినవంట గద బిడ్డా," అన్నాడు ఆయన తువ్వాలు చాటునుంచి.

రామన్న లోహిత్ భుజం మీద చెయ్యి వేశాడు. "నడువు. జీపు కిందనే ఉన్నది." పుణ్యవతి వైపు చూసి గొంతు సవరించుకున్నాడు. "నాలుగు గాకముందే తేల్చిన్రు మేడం. గా పొల్లను ఇంటికి పొమ్మనున్రి."

అక్కడితో అయిపోయిందనే పుణ్యవతి అనుకుంది. సంచీ సర్దుకుంటోంది. అప్పుడు భానుశ్రీ ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"లోహిత్, మీరు దిద్దింది అమృతవల్లి పేజీ ఒక్కటేనా?"

నాలుగు రోజుల్లో ఆమె గొంతు పెంచడం ఇదే మొదలు.

"ఉమ్మడి ఫైలైతే ఒక్కచోట దిద్దితే చాలండి," అంది పుణ్యవతితో, మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "కాపీలకి అలా కాదు. ఎన్ని అతికించారో అన్నీ విడివిడిగా వెతికి దిద్దాలి. ఈ ప్రోగ్రాంనే పేరు మార్చి వేరే ఆసుపత్రులకి కూడా ఇస్తున్నారు. ఆ ప్రాజెక్టుల్లో నన్ను పెట్టలేదు."

పుణ్యవతి రామన్న చేతికి అడ్డొచ్చి లోహిత్ టై పట్టుకుంది. "ఇంకెక్కడుంది?"

"మియాపూర్‌లో," అన్నాడు లోహిత్. "పిల్లల ఆసుపత్రి. నిన్ననే ఇన్‌స్టాల్ చేసి వచ్చాం. ఈరోజే ఓపెనింగ్."

"దాన్నెందుకు దిద్దలేదు?"

"దిద్దితే అందులోనూ కాపీ ఉందని తెలిసిపోతుంది కదండీ. కేసు క్లోజయ్యాక చేద్దామనుకున్నాను."

"ఇంకా ఎక్కడ?"

"నాకు గుర్తులేదు. నిజంగా గుర్తులేదండి."

ఆమె టై వదిలేసింది. తరవాత తిట్టుకోవచ్చు. "ఫోను నంబరు," అంది. లోహిత్ చెబుతుండగానే భానుశ్రీ ఎవరి డెస్కు మీదిదో ఫోను లాగి అంకెలు తిప్పుతోంది. ఎంగేజ్ టోన్ వచ్చింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఎంగేజ్. మూడోసారి మోగింది. పుణ్యవతి రిసీవరు లాక్కుంది.

అవతల సన్నాయి, డోలు. ప్రారంభోత్సవం హడావుడి. ఆ సందడిలోంచి ఒక ఆడపిల్ల ఉత్సాహంగా హలో అంది.

"అమ్మా, నర్సేనా? వినండి. కంప్యూటర్లో ఇంజక్షన్ల పేజీ ఉంది కదా, దాన్ని వాడకండి. అది చెప్పే లెక్క..."

"మేడమ్, ఇక్కడ మేళం మోగుతోందండి, ఏం వినపడట్లేదు. అపాయింట్‌మెంటా?"

"అపాయింట్‌మెంటు కాదు. ఇంజక్షన్. ఎవరికీ ఇంజక్షన్ ఇవ్వకండి."

"ఇంజక్షనాండీ? ఆ, చేస్తున్నామండి, కొత్త కంప్యూటరు కూడా వచ్చింది. ఒక్క నిమిషం లైన్లో ఉండండి మేడమ్. మొదటి పేషెంట్ వచ్చింది, బుజ్జి పాప, ఏడున్నర కిలోలే ఉంది. సిరంజిలోకి మందు ఎక్కించి పెట్టాను, ఇచ్చేసి వచ్చి మాట్లాడతాను."

రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తరవాత దూరమవుతున్న చెప్పుల చప్పుడు, సన్నాయి. ఆ నర్సు పేరు పుణ్యవతికి తెలియదు. అమ్మా, అమ్మాయీ, సిస్టర్ అని నోటికొచ్చిన పిలుపులన్నీ పిలుస్తూ ఫోన్లోకి అరుస్తూనే ఉంది. అవతల మేళం ఆగలేదు.